వెబ్‌స్టరు ఇంట మగ్గమున్నదా?

వెబ్‌స్టరు అనగానే చదువుకొన్నవారికి నిఘంటువు జ్ఞప్తికి వచ్చును. 1828లో అమెరికాలో దానిని వెలువరించిన నోవా వెబ్‌స్టరు ఇంటిపేరునకు అర్థము నేతపనివారనియే. వెబ్, వెబ్బర్, వెబ్‌స్టర్ మూడును ఒక్క మాటనుండి పుట్టినవి. చివరనున్న 'స్టర్' తొలుత స్త్రీలకు చెల్లిన ప్రత్యయము. అనగా మొదటి వెబ్‌స్టరు నేతగత్తె! బట్టను తడిపి కాళ్లతో త్రొక్కి గట్టిపరచువాడు వాకర్; అదే పనివానిని ఒక సీమలో ఫుల్లర్, మరియొక సీమలో టకర్ అనిరి. అద్దకపువాడు డయ్యర్, లిస్టర్. సాలెగూటిని వారు 'వెబ్' అనుటయు ఆ నేత ధాతువునుండియే. మనకును పురుగు సాలెపురుగే గదా. అమరకోశములో తంతువాయ శబ్దము నేతగానికిని, ఆ పురుగునకును గూడ చెప్పబడినది.

అయితే నేటి వెబ్‌స్టర్ల ఇండ్లలో మగ్గములెక్కడివి? 1785లో కార్ట్‌రైటు మరమగ్గమునకు పేటెంటు పొందెను. తరువాత కొన్ని దశాబ్దులలో అచ్చటి చేమగ్గము అడుగంటెను, ఇంటిపేరు మిగిలెను.

మన చెన్నపట్నమున చింతాద్రిపేట గతియు నంతే. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్టు నూలు వడుకువారిని, నేతవారిని, అద్దకమువారిని, చాకలివారిని రప్పించి కట్టించిన పేట అది. చిన్న తరి పేట అనుటే ఆ పేరునకు మూలమందురు. తరి యనగా తమిళములో మగ్గము. నేడచ్చటికి పోవువారు చేపల అంగడికి దారి యడుగుదురు.

ఇదంతయు ఎందులకనిన, సహకార సంఘముల సభ్యుల పట్టీలు చూడుడు. ఇంటిపేరు నేతవారిది, మగ్గము అటక మీద. నూలు వాటా మాత్రము తప్పక కావలెను! పరుల గుంటమగ్గములో దినమెల్ల కూర్చుండి కూలికి నేయువానికి, వేరు కులమువాడైనందున, సభ్యత్వము లేదు. ఇది అన్యాయమని మా అభిప్రాయము. "మా తాత నేసినాడు" అని పెద్దలు కొందరు మాతో వాదించుచున్నారు. వెబ్‌స్టరు తాతయు నేసినాడు; అందుకు వానికి ఎవరును నూలు ఈయరు.

కావున సర్వసభ్య సమావేశమునకు ముందు డైరెక్టర్లు ఇద్దరిద్దరుగా ఇంటింటికి పోయి, మగ్గముపై పడుగున్నదో లేదో కన్నులార చూచి రావలెను. పోయినప్పుడు కండెలు చుట్టి, పగలు నేసి, పట్టీలో భర్త పేరే గల ఆడవారి పేర్లును వ్రాసికొని రండు.