తాళంచెవి ఎవరి చేతిలో?

"బండి కొన్నాను పిన్నీ!" అని ఫోన్లో చెబితే మావారి పిన్నిగారు ఎంతో సంబరపడి, "ఏ రంగు కారమ్మా?" అని అడిగారు.

"కారు కాదండీ, పికప్ వ్యాను. అరటిగెలలు వేసుకోవడానికి."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి, "అబ్బాయి ఉద్యోగం బాగానే ఉందా?" అన్నారు.

ఆడది కారు కొంటే హోదా. సామాన్ల బండి కొంటే మాత్రం ఇంట్లో ఏదో కష్టం వచ్చిందన్నమాట!

అసలు సంగతి చెబుతాను. రావులపాలెం దగ్గర మా నాన్నగారు నా వాటాకి ఇచ్చిన రెండెకరాల అరటితోట ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. సరే, వాటా వచ్చింది. పంట అమ్ముకోవడం మాత్రం కిరాయి బండివాడి దయ. తెల్లవారుజామున గెలలు కోయించి గట్టున పెట్టుకుని కూర్చుంటే, "ఆయ్, వచ్చేత్తన్నానండీ" అంటూనే అతను మధ్యాహ్నం చేసేవాడు. కోసిన గెల ఆగదు కదా! మనం యార్డు చేరేసరికి పొద్దుటి ధర ఉండేది కాదు. ఇలా రెండేళ్ళు పోగొట్టుకున్నాక, నా నవలల మీద వచ్చిన డబ్బూ, తోట మీద మిగిలిందీ కలిపి, చాలనిదానికి అప్పు చేసి బండి కొన్నాను.

షోరూములో మొదటి ప్రశ్న, "సార్ రాలేదా మేడమ్?" సార్ వచ్చారు. పాపం, ఆయనకు స్కూటరు తప్ప ఏదీ నడపడం రాదు. అయినా ఆ కుర్రాడు చెప్పాల్సినదంతా ఆయనకే చెప్పాడు. బరువు ఎంత వెయ్యొచ్చని నేనడిగితే జవాబు ఆయనకిచ్చాడు. నావైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు: "సీటు కవర్లు ఏ రంగు వేయించమంటారు మేడమ్?"

బండి ఇచ్చేరోజున అట్టతో చేసిన మూరెడు తాళంచెవి తెచ్చి మావారి చేతిలో పెట్టారు. నా చేతికి హారతి పళ్ళెం ఇచ్చారు. ఫొటో తీశారు. చెక్కుమీద సంతకం నాది, ఫొటోలో తాళంచెవి ఆయనది!

ఆ అబ్బాయిని తిట్టి ఏం లాభం? మన ఇళ్ళల్లో జరిగేదే అతను చేశాడు. ఆడవాళ్ళ పేరున బళ్ళు లేవా? బోలెడున్నాయి. "మా ఆవిడ పేరునే తీసుకున్నానండీ" అని మగవాళ్ళు చెప్పుకుంటే మనమూ మురిసిపోతాం. ఆ బండి ఎక్కడికి పోతోందో, ఎంత తెస్తోందో మనకు తెలియదు. అమ్మేసేటప్పుడు సంతకం పెట్టమని కాగితం తెస్తారు చూడండీ, అప్పుడు గుర్తొస్తుంది అది మనదని!

ఇక భయపెట్టినవాళ్ళు. "దానికి వేరే లైసెన్సు కావాలి, నీ కారు లైసెన్సు పనికిరాదు" అన్నారు. పనికొస్తుంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకుల బండికి మామూలు లైట్ మోటారు వాహనం లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ అదే ఖాయం చేసింది. నా బండి బరువుతో సహా అందులో సగం కూడా తూగదు.

నడపడం ఎలా ఉందంటారా? సీటు ఎత్తు. ఎదురుగా రోడ్డంతా కనిపిస్తుంది. వెనక ఏముందో మాత్రం పక్క అద్దాల్లో చూసుకోవాల్సిందే. ఖాళీగా పోతుంటే గుంటల్లో ఎగిరెగిరి పడుతుంది. వెనక కమాను పట్టీలు బరువుకోసం చేసినవి మరి. గెలలు వేస్తే కుదురుగా నడుస్తుంది. ఈ మాట చెబితే మా బంధువొకాయన, "ఆడదానిలాగే నమాట, బరువు పడితేనే కుదురు!" అని నవ్వాడు. బండికి ఎంత బరువు వెయ్యాలో కాగితం మీద రాసిచ్చారు, ఆడదానికి అదీ రాసివ్వలేదు కదా అన్నాను. నవ్వు ఆగింది.

మూడోరోజున యార్డు గేటుకు రాసుకుని కుడిపక్క గీత పడింది. మగవాడి బండికి పడితే దాన్ని గీత అంటారు. నా బండికి పడేసరికి, "ఆడవాళ్ళ డ్రైవింగు" అన్నారు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్తకు చెప్పకుండా అతను చేసిన బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని సుమారు వంద కిలోమీటర్లు పుట్టింటికి వెళ్ళింది. కారులో అంతదూరం వెళ్ళిన మొదటి మనిషి ఆవిడే. దారిలో ఇంధనం మందుల షాపులో కొంది. అతని వ్యాపారంలో పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము పెట్టిందీ ఆవిడే. వీళ్ళేమో నూట ముప్ఫై ఏళ్ళు దాటాక నా గీత చూసి నవ్వుతున్నారు!

"ఆ డబ్బుతో బంగారం కొనుక్కుంటే పెరిగేది కదా" అన్నది ఆడవాళ్ళే. నిజమే. బండి విలువ షోరూము గేటు దాటగానే తగ్గుతుంది. డీజిలు, ఇన్స్యూరెన్సు, ఎనిమిదేళ్ళదాకా రెండేళ్ళకోసారీ ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష... ఖర్చు లేదనను. కాని లాకరులో నగ నన్ను ఏ పూటా యార్డుకు తీసుకువెళ్ళలేదు.

మొన్న పక్కతోట అక్కగారు తన గెలలు కూడా నా బండిలో వేసి, ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా అరటి వేస్తున్న మనిషి. యార్డులో పాట మొదలైతే కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటూ నిలబడింది. తిరిగివచ్చేటప్పుడు మెల్లిగా అడిగింది: "గెలకి ఇంత పలుకుద్దా అమ్మా? మావోళ్ళు ఎప్పుడూ ఇంత చెప్పలేదే!"

నేనేమీ అనలేదు. ఆవిడే మళ్ళీ అంది, "ఈసారి కూడా నేనే వత్తాను."

అందుకే చెబుతున్నాను అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! డబ్బు మీదైతే తాళంచెవి మీరే అందుకోండి. ఆ అట్టముక్క మాత్రం శ్రీవారికే ఇవ్వండి, ఫొటోకి బాగుంటుంది.