పలక కంటే ముందు చెవి

"తెలుగుకు స్పెల్లింగుల గొడవ లేదండీ. ఎలా పలుకుతామో అలాగే రాస్తాం. ఓనమాలు, గుణింతాలు నోటికొస్తే చదువు దానంతటదే వస్తుంది. శబ్దాల ఆటలు ఇంగ్లిషు పిల్లలకు కావాలి గానీ మనకెందుకు?" టీచర్లూ తల్లిదండ్రులూ తరచుగా అనే మాట ఇది. ఇందులో సగం నిజం. ఇంగ్లిషులా 26 అక్షరాలతో నలభై పైచిలుకు ధ్వనులను నెట్టుకొచ్చే కష్టం మనకు లేదు. కానీ పలికినట్టే రాయాలంటే, పలికింది ముందు చెవికి ఆనాలి కదా!

'గడ్డి' అని చెబితే పిల్లవాడు 'గడి' అని రాస్తాడు. 'పాలు' కాస్తా 'పలు' అవుతుంది. ఒత్తు మరిచాడని, దీర్ఘం మింగాడని పదిసార్లు రాయిస్తాం. చాలాసార్లు తప్పు వాడి చేతిది కాదు. 'గడ్డి' అనేటప్పుడు డకారం దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం వాడి చెవికి అందలేదు. రాయించినంత మాత్రాన అందదు. గడి, గడ్డి; అటు, అట్టు; పలు, పాలు. వీటిని జంటగా పలికి "ఒకటేనా, వేరా?" అని అడగాలి.

బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పిల్లలతో ఇలా శబ్దాలను పోల్చే అభ్యాసం చేయించి, 1983లో ఫలితాలు ప్రచురించారు. ఆ అభ్యాసానికి ప్లాస్టిక్ అక్షరాలను కూడా జతచేసి నేర్పిన పిల్లలే చదువులో అందరికంటే ముందున్నారు. అక్షరాలు వద్దని నేనూ అనడం లేదు. చెవిని వదిలేసి అక్షరాలొక్కటే రుద్దడం తప్పంటున్నాను.

చెవితో శబ్దాలను పోల్చడం మనకేమీ పరాయి విద్య కాదు. పద్యంలో రెండో అక్షరాన్ని ప్రాసతో కలిపినవాళ్లం, యతి తప్పితే ఒప్పుకోనివాళ్లం మనం. ఇంగ్లిషు పుస్తకాలు చూసి మాట చివరి శబ్దాన్ని కలిపే ఆటలు తెలుగులోకి దించడం కూడా పొరపాటే. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, చివర ఉకారం చాలనుకుంటే పాలూ రాళ్లూ కలిసిపోతాయి. మనకు రెండో అక్షరం పట్టు. పలక, చిలక, మొలక, పడవ: వీటిలో కలవనిదేదో అడగండి. పిల్లలు గుట్టుగా 'క' భాష మాట్లాడుకుంటారు చూడండి, 'రేపు రా' అనడానికి 'కరేకపు కరా' అని. మాటను విడగొట్టడంలో అంతకంటే మంచి సాధన ఏముంది? దాన్ని అల్లరని కసురుతున్నాం.

అంగన్‌వాడీ టీచర్లకు, అమ్మానాన్నలకు నా విన్నపం ఒక్కటే. రేపు పలక చేతికిచ్చే ముందు పది నిమిషాలు మాటలతో ఆడించండి. పిల్లల ఇంటి యాసలోని మాటలతోనే మొదలుపెట్టండి. మా-మి-డి అని మూడు చప్పట్లు కొట్టించండి. బలపం ఆ తర్వాత ఇవ్వండి.