మరిచిపోయే కంప్యూటర్ కావాలి
మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక నెట్ సెంటర్‌లో దరఖాస్తు ప్రింటు తీసుకుందామని కూర్చుంటే, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఎవరెవరివో ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు. ఒక ఆడపిల్ల ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఒకేచోట కనబడేసరికి గుండె జారింది. యజమానిని తప్పుపట్టలేను, వచ్చేపోయేవాళ్ల ఫైళ్లు చెరుపుతూ కూర్చోవడం ఆయన వల్లయ్యే పని కాదు. ఆ పని యంత్రానికే అప్పజెప్పాలి. లినక్స్‌లో దానికి దారి ఉంది: సిస్టమ్ డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, వాడేవారి ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీని టీఎంపీఎఫ్‌ఎస్ అనే తాత్కాలిక ఫైల్ సిస్టమ్ ద్వారా ర్యామ్‌లో పెట్టడం. కంప్యూటర్ ఆపగానే బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లతో సహా అన్నీ పోతాయి. మనం మార్చకపోతే టీఎంపీఎఫ్‌ఎస్ ర్యామ్‌లో సగానికి మించి తీసుకోదు. 4 జీబీ ఉన్న పాత యంత్రంలో 2 జీబీ దాకా, స్కాన్ కాపీలకు ధారాళంగా సరిపోతుంది. డిస్కును ర్యామ్‌కు పొడిగింపుగా వాడే స్వాప్ మాత్రం తీసేయాలి, లేదంటే ర్యామ్ నిండినప్పుడు అవే కాగితాలు డిస్కు మీదికి చేరతాయి. కరెంటు పోతే చేస్తున్న పని పోతుంది, నిజమే. అందుకే పెన్‌డ్రైవ్ దగ్గర పెట్టుకోవాలి. కానీ ఏమీ రాయని డిస్కులో ఫైల్ సిస్టమ్ చెడిపోయే భయం ఉండదు, మన ఊళ్లలో అది చిన్న లాభం కాదు. నెట్ సెంటర్లు నడిపే తమ్ముళ్లూ, ముందు ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. ఒక మనిషి లేచి వెళ్లగానే రీస్టార్ట్ చేసి ఇంకొకరిని కూర్చోబెట్టండి.