ఇద్దరు జనరల్స్‌లో ఎవరు నయం?

సూడాన్ అంతర్యుద్ధం ప్రస్తావన వస్తే చాలు, సైన్యాధిపతి బుర్హాన్ నయమా, పారామిలిటరీ దళాల నాయకుడు హెమెద్తీ నయమా అని అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఇద్దరూ దొందూ దొందే అని చేతులు దులుపుకోవడం సులువే. కానీ అది నిజం కాదు.

హెమెద్తీ ఒకప్పుడు ఒంటెల వ్యాపారి. డార్ఫూర్‌లో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన జంజవీద్ ముఠాల్లోంచి ఎదిగాడు. 2013లో ప్రభుత్వమే ఆ ముఠాలకు ఆర్.ఎస్.ఎఫ్. అని పేరు పెట్టి యూనిఫారం తొడిగింది. 2023లో ఎల్ జెనీనాలో మసాలిత్ తెగవాళ్లను ఊచకోత కోసింది ఈ దళాలూ, వాటి తోటి ముఠాలే. 2025 అక్టోబర్‌లో ఎల్ ఫాషర్ వాళ్ల చేతిలో పడ్డాక, అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగులూ, వాళ్ల వెంట ఉన్నవాళ్లూ కలిసి 460 మందికి పైగా హతమైనట్టు వార్తలందాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ యుద్ధంలో తాము నమోదు చేసిన అత్యాచారాల్లో అత్యధికం ఆర్.ఎస్.ఎఫ్. చేసినవేనని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2024లో చెప్పింది. సైన్యం మీద కూడా ఆరోపణలున్నాయని అదే నివేదిక చెప్పింది. ఈ తేడాను దాచి ఇద్దరినీ ఒకే గాటన కడితే, మాట్లాడే ధైర్యం చేసిన బాధితులకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

అయితే బుర్హాన్‌ను రక్షకుడనుకోవాలా? వాద్ మదనీని సైన్యం 2025 జనవరిలో తిరిగి పట్టుకున్నప్పుడు అక్కడి స్త్రీలు ఊపిరి పీల్చుకున్నారంటే దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ వారంలోనే, శత్రువుకు సహకరించారన్న నెపంతో చుట్టుపక్కల పేద వ్యవసాయ కూలీల వాడల్లో జనాన్ని చంపిన వార్తలూ వచ్చాయి. పైగా ఈ ఇద్దరూ మొన్నటిదాకా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు! 2019 జూన్ 3న ఖార్తూమ్ ధర్నా మీద విరుచుకుపడి వందమందికి పైగా చంపినప్పుడు సైనిక మండలికి బుర్హాన్ అధ్యక్షుడు, హెమెద్తీ ఉపాధ్యక్షుడు. 2021 అక్టోబర్ కుట్రలోనూ ఇద్దరూ భాగస్వాములే. ఆ డిసెంబర్ 19న ఖార్తూమ్ నిరసనలో భద్రతా బలగాలు 13 మంది స్త్రీలను, బాలికలను చెరచినట్టు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదులందాయి. అప్పుడు ఏ జనరల్‌కూ ఇంకొకడి మీద కోపం రాలేదు. ఆర్.ఎస్.ఎఫ్.ను సైన్యంలో కలపడానికి రెండేళ్లు చాలని సైన్యం, పదేళ్లు కావాలని హెమెద్తీ పట్టుబట్టారు. 2023 ఏప్రిల్ 15న తుపాకులు పేలడానికి దగ్గరి కారణం ఆ తగాదాయే. కోటి మందికి పైగా ఇళ్లు వదిలిపోవాల్సి వచ్చింది.

మన పత్రికలకు ఈ యుద్ధం 'ఆపరేషన్ కావేరీ'తో మొదలై, మనవాళ్లు విమానం దిగగానే ముగిసిపోయింది.

2019లో బషీర్‌ను గద్దె దింపిన ఉద్యమంలో స్త్రీలు ముందువరసలో ఉన్నారు. ప్యాంటు వేసుకున్నందుకు కొరడా దెబ్బలు కొట్టించిన చట్టం అదే ఏడాది నవంబర్‌లో రద్దయింది. చట్టసభలో స్త్రీలకు కనీసం 40 శాతం స్థానాలని ఆ ఏడాది రాజ్యాంగ ప్రకటన రాసుకుంది. ఆ సభ ఏర్పడనేలేదు. యుద్ధం మొదలయ్యాక వీధివీధినా అత్యవసర బృందాలు కట్టి, ఉమ్మడి వంటశాలలు నడిపి జనం ప్రాణాలు నిలిపినవాళ్లలోనూ స్త్రీలున్నారు. 2023 మే నెలలో జెడ్డాలో చర్చలు జరిగితే పిలుపు అందింది మాత్రం ఇద్దరు జనరల్స్ ప్రతినిధులకే. ఇకముందు కుదిరే ఏ ఒప్పందంలోనైనా అత్యాచారాలకు క్షమాభిక్ష ఉండకూడదనీ, 40 శాతం హామీని పక్కన పెట్టకూడదనీ సూడాన్ స్త్రీలతో పాటు మనమూ అడగాలి. ఆ ఒప్పందం మీద ఏ జనరల్ సంతకం పెట్టినా సరే.