క్రూజ్ కంట్రోల్ వద్దంటే విందాం

చలికాలం ఉదయం నోయిడా నుంచి ఆగ్రా బయలుదేరిన కారు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంది. స్టీరింగ్ మీద క్రూజ్ బటన్ నొక్కితే పనిచేయదు. ‘ముందు సెన్సార్‌కు అడ్డు ఉంది’ అన్న సందేశం డాష్‌బోర్డుపై కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండెక్కాక అదే కారులో అదే బటన్ చక్కగా పనిచేస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల కారు నడిపేవారు చాలామంది దీన్ని లోపమనుకుని మెకానిక్ దగ్గరకు వెళ్తారు. నా అభిప్రాయంలో ఇక్కడ కారు మొరాయించడం లేదు, ఉన్న నిజం చెబుతోంది. మనం నిజంగా భయపడాల్సింది పొగమంచులో కూడా కిక్కురుమనకుండా పనిచేసే క్రూజ్ కంట్రోల్‌ని చూసి.

ఈ పరికరాన్ని కనిపెట్టిన అమెరికన్ ఇంజినీర్ రాల్ఫ్ టీటర్‌కు చిన్నతనంలోనే చూపు పోయింది. 1950లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో అది అమ్మకానికి వచ్చింది. సూత్రం ఇప్పటికీ మారలేదు. మనం ఒక వేగం చెబుతాం. చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో సెన్సార్ చెబుతుంది. తేడా ఉంటే కంప్యూటర్ ఇంజిన్‌కు ఇంధనం పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ముందు ఏముందో ఈ మామూలు క్రూజ్ కంట్రోల్‌కు అసలు తెలియదు. దాని తరఫున చూడాల్సిన కళ్లు డ్రైవర్‌వే.

ఇలాంటి మామూలు రకం చలిలో పనిచేయకపోతే కారణాలు వెతకడం కష్టం కాదు. మొదట బ్రేక్ లైట్లు చూడాలి. పెడల్ నొక్కినప్పుడు వెలగకపోయినా, వదిలాక ఆరకపోయినా బ్రేక్ స్విచ్ మీద అనుమానపడాలి. బ్రేక్ నొక్కి ఉందని అనుకుంటే కారు క్రూజ్‌ను ఒప్పుకోదు. గేర్ల కారులో క్లచ్ స్విచ్‌దీ అదే కథ. ఏబీఎస్ దీపం వెలుగుతుంటే చక్రాల సెన్సార్ చూపించుకోవాలి. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది కాబట్టి పాత బ్యాటరీని పరీక్షించాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే టైరులో గాలి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. అది కూడా సరిచూసుకోవాలి. ఇవి నిజమైన లోపాలు. వీటిని బాగు చేయించుకోవాల్సిందే.

అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ సంగతి వేరు. ముందు వాహనంతో దూరాన్ని అది రాడార్‌తో కొలుస్తుంది. చాలా కార్లలో ముందు అద్దం వెనక ఒక కెమెరా కూడా ఉంటుంది. రాడార్ వాడే 77 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు. పొగమంచు బిందువులు మిల్లీమీటరులో వందో వంతు స్థాయిలో ఉంటాయి. అంత చిన్న బిందువులు అంత పెద్ద తరంగాన్ని పెద్దగా అడ్డుకోలేవు కాబట్టి రాడార్ పొగమంచులోంచి చూడగలదు. కెమెరా వాడేది మన కంటికి కనిపించే కాంతినే. దాని తరంగం బిందువుకన్నా చిన్నది కనుక చెదిరిపోతుంది. మనకు కనిపించనిది కెమెరాకూ కనిపించదు.

మరి రాడార్ కూడా ఎందుకు చేతులెత్తేస్తుంది? ఢిల్లీలో మంచు కురవదు. కానీ జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత తరచు 5 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ చల్లదనానికి తేమ కారు ముందు భాగం మీద నీరై చేరుతుంది. దానికి నగరపు దుమ్ము తోడై పలచటి బురద పొర అవుతుంది. గాలిలో విడివిడిగా తేలే బిందువులను దాటే తరంగాన్ని ఈ నీటి పొర పీల్చుకుంటుంది, వెనక్కి కొడుతుంది. మెత్తటి గుడ్డతో సెన్సార్ మూతను తుడిచి, ముందు అద్దానికి డీఫాగర్ పెడితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

తీరిపోయింది కదా అని పొగమంచులో బటన్ నొక్కడమే అసలు ప్రమాదం. రాడార్ తిరిగొచ్చిన తరంగాన్ని బట్టి దూరంతోపాటు వేగాన్నీ లెక్కకడుతుంది. రోడ్డు మీద ఆగిపోయిన లారీ, పక్కనున్న స్తంభం, పైనున్న బోర్డు, వంతెన అన్నీ కదలనివే కనుక దానికి ఒకే వేగంతో ఎదురొస్తున్నట్టు అనిపిస్తాయి. ప్రతి బోర్డుకీ బ్రేక్ వేస్తే కారు నడవదు. అందుకే ఎక్కువ వేగంలో ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్స్‌లో హెచ్చరిక ఉంటుంది. పొగమంచులో మనం గుద్దుకునేది ఎక్కువగా ఆగిపోయిన వాహనాన్నే. 2017 నవంబర్ 8 ఉదయం యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై అప్పటికే గుద్దుకుని ఆగిన వాహనాల మీదికి వెనక నుంచి కార్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పడిన వీడియోను దేశమంతా చూసింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రమాదం కనిపించాక బ్రేక్ నొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనీ, తడి రోడ్డుపై కారు వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 120 మీటర్లు, 75లో 75 మీటర్లు, 50లో 40 మీటర్లు కావాలి. 50 నుంచి 200 మీటర్ల దాకా మాత్రమే కనిపిస్తే దాన్ని దట్టమైన పొగమంచు అనీ, 50 మీటర్లకన్నా తక్కువైతే అతి దట్టమైనదనీ భారత వాతావరణ శాఖ అంటుంది. 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై చలికాలంలో కార్ల వేగ పరిమితిని 100 నుంచి 75కు తగ్గిస్తున్నారు. మంచి పనే. కానీ 50 మీటర్లే కనిపిస్తున్నప్పుడు 75లో వెళ్లే కారు, బ్రేక్ వేసినా, ఆగి ఉన్న లారీని గంటకు 55 కిలోమీటర్లకు పైగా వేగంతో ఢీకొంటుంది. క్రూజ్‌లో కాలు పెడల్‌కు దూరంగా ఉంటే ఆ ఒకటిన్నర సెకను కూడా చాలదు.

ఇదే పొగమంచును విమానాశ్రయం ఎలా చూస్తుందో గమనించండి. ఇందిరాగాంధీ విమానాశ్రయంలో రన్‌వే పక్కనున్న పరికరాలు ఎంత దూరం కనిపిస్తోందో నిరంతరం కొలుస్తుంటాయి. ఆ అంకె పరిమితికన్నా తగ్గితే పైలట్ దిగడానికి వీల్లేదు. 2015-16 చలికాలంలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ అక్కడే వైఫెక్స్ అనే పొగమంచు పరిశోధన ప్రారంభించింది. రోడ్డు మీద డ్రైవర్‌కు మాత్రం చాలావరకు తన కళ్లే కొలబద్ద.

అందుకే మూడు మాటలు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద పరిమితి క్యాలెండర్‌ను బట్టి కాక, అప్పటికప్పుడు కొలిచిన దృశ్యదూరాన్ని బట్టి మారాలి. కార్ల కంపెనీలు వెనక ఫాగ్ ల్యాంప్ వెలిగినప్పుడు క్రూజ్ పనిచేయకుండా చేయాలి. పొగమంచు ఉందని డ్రైవరే ఒప్పుకున్నాక కారు వాదించకూడదు. సెన్సార్ సందేశాలు మన భాషల్లో, కారణంతో సహా రావాలి. ‘పనిచేయదు’ అంటే కోపం వస్తుంది, ‘నాకు కనిపించడం లేదు’ అంటే అర్థమవుతుంది.

ఈలోగా డ్రైవర్లు చేయగలిగింది ఒకటుంది. హైదరాబాద్, విజయవాడల నుంచి ఉద్యోగానికి వచ్చి, ఢిల్లీ పొగమంచును మొదటిసారి చూస్తున్నవారికి ఇది మరీ ముఖ్యం. మీకు కనిపించే దూరంలో సగంలోపే ఆగగలిగే వేగంలో వెళ్లండి. ఆ వేగం మీ క్రూజ్ ఒప్పుకునే కనీస వేగంకన్నా తక్కువైతే బటన్‌ను మరిచిపోండి.