తాళం తప్పని ఇంజను

పిల్లలూ! మీరు కోలాటం చూచే ఉంటారు. అందరూ తాళం ప్రకారం అడుగు వేస్తున్నంతసేపూ కోల కోలకే తగులుతుంది. ఒక్కడు తాళం తప్పాడా, పక్కవాడి వేళ్ళు వాచిపోతాయి. మోటారుకారు ఇంజనులోనూ ఇటువంటి కోలాటమే జరుగుతుంది. అదేమిటో చూద్దాం.

ఇంజనులో సిలిండరు అనే గొట్టం ఉంటుంది. దానిలో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. గాలి, పెట్రోలు లోపలికి రావటానికి ఒక వాల్వు, కాలిన పొగ పోవటానికి ఇంకొక వాల్వు ఉంటాయి. పీల్చటం, అదమటం, మండించటం, పొగ వదలటం - ఈ నాలుగు పనులూ వరుసగా జరగాలి. ఈ పద్ధతిలో నడిచే ఇంజనును 1876లో జర్మనీలో నికోలాస్ ఒట్టో తయారుచేశాడు.

పిస్టను ఆటవల్ల తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్టు. వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్‌షాఫ్టు. నాలుగు పనులూ ముగిసేసరికి మొదటిది రెండు చుట్లు, రెండవది ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్రాంక్ చక్రానికి 20 పళ్ళుంటే క్యామ్ చక్రానికి 40 ఉంటాయి. క్రాంక్‌షాఫ్టు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుందన్నమాట!

ఈ చక్రాలను కొన్ని ఇంజన్లలో గొలుసు కలుపుతుంది; కొన్నిటిలో పళ్ళున్న రబ్బరు బెల్టు కలుపుతుంది. ఇదే టైమింగ్ బెల్టు. 1962లో తయారీ మొదలైన గ్లాస్ 1004 అనే జర్మన్ కారులో ఇది ఉండేది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800లోనూ ఇదే.

బెల్టుకు పళ్ళెందుకు? నున్నని బెల్టు జారుతుంది. 20 పళ్ళ చక్రంపై ఒక్క పన్ను తప్పినా, క్రాంకుకూ వాల్వులకూ మధ్య 18 డిగ్రీల తేడా వస్తుంది. ఇంజను సరిగా లాగదు. తేడా మరీ ఎక్కువైతే, చాలా ఇంజన్లలో పిస్టను పైకి వచ్చే వేళకు వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. రెండూ ఢీకొని వాల్వు వంగిపోతుంది.

అందుచేత మెకానిక్కు కొత్త బెల్టు వేసేముందు బ్యాటరీ తీగ విప్పుతాడు. రెండు చక్రాల మీది గుర్తులనూ ఇంజను మీది గుర్తులకు ఎదురుగా తెచ్చి, బెల్టు ఎక్కించి, బిగువు సరిచేస్తాడు. అయినా వెంటనే తాళంచెవి తిప్పడు. పానాతో క్రాంకును అది తిరిగే వైపుకే, చేత్తో, మెల్లగా తిప్పుతాడు. ఒక చుట్టు అయ్యేసరికి కింది గుర్తు చోటికి వస్తుంది. కాని పై గుర్తు సరిగ్గా అవతలి వైపున ఉంటుంది! ఒక్క గుర్తునే నమ్మితే మోసపోతాము. రెండవ చుట్టు పూర్తయ్యాక రెండు గుర్తులూ కలిస్తేనే బెల్టు సరిగా పడినట్టు. మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే బలవంతంగా తిప్పడు. ఆపి, మళ్ళీ మొదటినుంచి చూస్తాడు. చేతికి తగిలిన అడ్డు హెచ్చరిక. అదే అడ్డు ఇంజను వేగంతో తగిలితే నష్టం.

ఇంట్లో కారుంటే, ఎన్ని కిలోమీటర్లకు బెల్టు మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలో పెద్దలతో కలిసి చూడండి. చాలాసార్లు బెల్టు ముందుగా చెప్పకుండానే తెగుతుంది. తిరిగే ఇంజను దగ్గర మాత్రం చెయ్యి పెట్టకండి.

ఇక మీకొక లెక్క: క్రాంకు 7 చుట్లు తిరిగితే పై గుర్తు ఎక్కడ ఉంటుంది? కాగితం మీద రెండు చక్రాలు గీసి తేల్చండి.