ఒంటెల కాపరిని కాచేదెవరు?

వ్యాధి ముదిరిన పిదప వైద్యుణ్ణి వెదకడం లోకసహజం. అది పుట్టేచోటనే జాడ పట్టడం వివేకుల లక్షణం. కోవిడ్ చూసిన తరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అయితే అంతకుముందే, అదే కుటుంబానికి చెందిన మరొక వైరస్ అరేబియా ఎడారిలో మానవుణ్ణి హెచ్చరించింది. అదే మెర్స్.

2012లో జెద్దా నగరంలో ఒక రోగి కఫం నుండి ఈజిప్టు శాస్త్రజ్ఞుడు అలీ మొహమ్మద్ జకీ ఈ వైరస్‌ను వేరుచేశారు. మరుసటి ఏడు వెలువడిన పరిశోధనలో ఒమాన్‌కు చెందిన 50 ఒంటెలను పరీక్షించగా, అన్నింటి రక్తంలోనూ దాని ప్రతిరక్షకాలు కనిపించాయి. ఆఫ్రికాలో 1983లో సేకరించి భద్రపరచిన ఒంటెల రక్తంలో సైతం అవే జాడలు బయటపడ్డాయి. ఒంటెకది కేవలం జలుబు. మనుష్యులలో మాత్రం, నిర్ధారణ అయినవారిలో నూటికి సుమారు 36 మంది మరణించారు. 2015లో గల్ఫ్ నుండి దక్షిణ కొరియాకు తిరిగివచ్చిన ఒకే ఒక్క ప్రయాణికునితో మొదలై, ఆసుపత్రుల ద్వారా వ్యాపించి, 186 మందికి సోకి 38 మందిని బలిగొన్నది.

ఈ లెక్కలన్నీ ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వచ్చినవారివి. రానివారి మాటేమిటి? సౌదీ అరేబియాలో సేకరించిన 10,009 మంది రక్తనమూనాల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 15 మందిలో ప్రతిరక్షకాలున్నాయి. సాధారణ జనంతో పోల్చగా ఆ నిష్పత్తి ఒంటెల కాపరులలో 15 రెట్లు, కబేళా పనివారిలో 23 రెట్లు అధికం. ఆ దేశంలో సుమారు 45,000 మందికి గుట్టుగా సోకి ఉండవచ్చునని పరిశోధకులు అంచనా వేశారు.

ఈ కాపరులలో అనేకులు పొట్టకూటికై వచ్చిన పరదేశీయులు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి వెళ్ళి ఎడారిలో ఒంటెలను, గొర్రెలను కాస్తున్నవారు మనకు తెలియనివారు కారు. జ్వరం వస్తే ఆసుపత్రి ఆమడల దూరం. అకామా గడువు తీరినవానికి వ్యాధికన్న పోలీసు భయమే ఎక్కువ. అట్టివాడు దగ్గుతూ డేరాలోనే ఉండిపోతే, ఎంతటి ప్రయోగశాలయైనా ఏమి కనిపెట్టగలదు?

కనుక నిఘా ఆసుపత్రి పడక వద్ద కాక ఒంటెల దొడ్డిలోనే ప్రారంభం కావాలి. సంతలలో, కబేళాలలో ఒంటెలను, ముఖ్యంగా వైరస్‌ను అధికంగా విడిచే పిల్లలను, క్రమంగా పరీక్షించాలి. ఆ వెంటనే కాపరి రక్తమూ పరీక్షించాలి. పశువైద్యుని లెక్క, ప్రజారోగ్యాధికారి లెక్క ఒకేచోట చేరాలి. పరీక్షకు వచ్చినవాని పత్రాలు అడగబోమన్న హామీ అన్నిటికన్నా ముఖ్యం. ఇందుకు ధనవ్యయం కాదా అనేవారు, కొరియాలో ఒక్కనితో జరిగిన నష్టాన్ని తలచుకోవాలి. మెర్స్‌కు నేటివరకు ఆమోదం పొందిన టీకా లేదు.

ఇందులో మన కర్తవ్యమూ ఉన్నది. గల్ఫ్‌లోని బంధువులకు ఉత్తరం వ్రాసినా, ఫోనులో మాట్లాడినా, ఒంటెపాలు కాచి త్రాగమని, దొడ్డిలో పని ముగియగానే చేతులు కడుక్కోమని చెప్పండి. హజ్, ఉమ్రా యాత్రల నుండి తిరిగివచ్చిన పెద్దలకు రెండు వారాలలో జ్వరం, దగ్గు వస్తే, ప్రయాణం సంగతి వైద్యునికి ముందుగా తెలుపవలెనని చెప్పండి.

ఒంటెను నిందించి ప్రయోజనం లేదు; అది ఎడారివాసికి అన్నదాత. దాని వెంట నడిచే నిరుపేద కాపరిని లెక్కలో చేర్చని నిఘా నిఘా అనిపించుకోదు. అతని ఆరోగ్యాన్ని కాపాడడం దయాధర్మం మాత్రమే కాదు, లోకరక్షణ కూడా.